పెద్దక్కకు వచ్చిన కల

ముదిగుబ్బ పక్కన, గొర్రెల దొడ్డి
మాఘమాసం

మహారాజశ్రీ కృపాకుమారి గారికి,

గొర్రెల దొడ్డి సంస్థానాధీశుడు, ఏడో తరగతితో చదువుకు సెలవిచ్చిన పండితుడు, పెండ్లి కాని కారణాన ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేని ఆంజి అనబడే నేను, పూర్తి తెలివిలో ఉండి జారీ చేస్తున్న ఫర్మానా ఇది. మందలోని నల్లమూతి పొట్టేలు నా కొత్త తువ్వాలును సగం నమిలి మింగినందున, ఈ పూటంతా దాన్ని ఎవరూ ముద్దుగా పిలవరాదు. ఇంట్లో టీ పలచగా ఉందని సణిగినవాళ్ళకు రేపటి నుంచి వేడినీళ్ళే టీ. మూడో సంగతి, మా పెద్దక్క కడుపులో ఉన్నదాని పేరు గ్యాసు. దాన్ని వేరే పేరుతో పిలిచినవాళ్ళు ఈ గడప తొక్కరాదు.

మొదటి రెండు చట్టాలూ నావి. మూడోది మా మేనల్లుడు చంద్రమోహన్ చేసింది.

నవ్వినావా? చాలు, ఇంక నవ్వొద్దు.

పోయిన వారం అనంతపురం ఆసుపత్రి వరండాలో నువ్వు నన్ను గుర్తుపట్టి, "ఏమప్పా ఆంజీ, తల నెరిసినా ఆ దొంగచూపు పోలేదే" అన్నావు. అప్పుడు నేను నీకు జవాబు చెప్పలేదు. నేను జవాబు చెప్పలేదంటే సంగతి ఎంత దూరం పోయిందో నీకు అర్థమై ఉంటుంది. లోపల డాక్టరు చంద్రమోహన్‌తో చెప్పిన మాటలు తలుపు సందులోంచి విన్నాను. కడుపులో గడ్డ, కాలేయానికి కూడా పాకింది, నయమయ్యే దశ దాటిపోయింది. బయటికి వచ్చి వాడు వాళ్ళమ్మతో, "గ్యాసేమా, మందులిచ్చినారు" అన్నాడు. పెద్దక్క తల ఊపింది. నేనూ ఊపాను.

నన్ను పెంచింది మా పెద్దక్క. బావ పోయిన తర్వాత మందనూ ఇంటినీ నడిపింది ఆమే. ఇప్పుడు ఆమెకు అబద్ధం చెప్పే ఉద్యోగం నాకిచ్చారు. ఊరంతట్లో ఆ పనికి నాకంటే అనుభవస్థుడు లేడని. చంద్రమోహన్ బెంగళూరులో కారు తోలుతాడు గదా, అక్కడి పెద్ద ఆసుపత్రిలో చేర్పించాలంటాడు. మందను అమ్మేద్దామంటాడు. మేనకోడలు అరుణజ్యోతి నల్లమాడ నుంచి వచ్చి ఏడుస్తూ కూర్చుంది.

నువ్వు ఇచ్చిన చీటీలో "ఊరట ఇల్లు" అని ఉంది. ఇక్కడివాళ్ళు దాన్ని ఆఖరి ఆసుపత్రి అంటారు. అక్కడ మీరు ఏం చేస్తారు? చావడానికి వచ్చినవాళ్ళకు టీ ఇస్తారా? ఫోన్ చేయమనకు. మా ఇంట్లో ఫోనంటే స్పీకరే. అవతలివాళ్ళు నిట్టూర్చినా పెద్దక్కకు వినపడుతుంది. జాబు రాయి. ముదిగుబ్బకు వచ్చే మీ వ్యాను డ్రైవరు మారుతితో పంపు.

ఇట్లు,
ఆంజి


ఊరట ఇల్లు, అనంతపురం
మాఘం చివర

ఆంజీ,

మహారాజశ్రీ అట, గారు అట. హెడ్మాస్టరుకు బదిలీ అయిందని పుకారు లేపి బడంతటినీ ఏడిపించినవాడివి, నీ మర్యాదలు నాకెందుకు?

టీ కూడా ఇస్తాం. కానీ మా అసలు పని నొప్పి తగ్గించడం, వాంతులు ఆపడం, పుండ్లు కడగడం, నిద్ర పట్టించడం. జబ్బును పొమ్మనలేనప్పుడు, ఆ జబ్బుతో ఉన్న మనిషి తెరిపిగా ఉండేలా చూడటం. మంచాలు కొన్నే ఉన్నాయి. చాలామంది దగ్గరికి మేమే ఇంటికి పోతాం. మా డాక్టరమ్మ హేమలత వస్తుంది, నేను వస్తాను. నేను ఎక్కువగా చేసేది పక్కన కూర్చొని మాట్లాడించడం. ఏ మందు వాడాలి, ఎక్కడ ఉండాలి, ఏది వద్దు అని ఇంట్లోవాళ్ళు తేల్చుకోలేనప్పుడు ఆ ముడి విప్పడానికి సాయపడతాను. తేల్చేది నేను కాదు.

నీ జాబులో చంద్రమోహన్ ఏమనుకుంటాడో ఉంది, అరుణజ్యోతి ఏడ్పు ఉంది, పొట్టేలు సంగతి కూడా ఉంది. పెద్దక్క ఏమనుకుంటుందో లేదు. ఆమెను ఎవరైనా అడిగారా?

ధర్మవరంలో ఒక నేతపనాయన ఇంటికి పోయేదాన్ని. జబ్బు పేరు ఆయనకు తెలియకూడదని పెళ్ళాం దాచింది. తనకు తెలిసిన సంగతి పెళ్ళానికి తెలియకూడదని ఆయన దాచాడు. మగ్గానికి అటు ఒకరు, ఇటు ఒకరు, ఎవరికి వారే ఏడ్చుకుంటూ ఉండేవాళ్ళు. మధ్యలో చీర మాత్రం నిగనిగలాడుతూ ఉండేది.

నువ్వు ఆమెకు ఏమీ చెప్పొద్దు. అడుగు. "నీ ఒంట్లో ఏం జరుగుతాందనుకుంటాండావు అక్కా?" అని అడిగి గమ్మునుండు. ఆమె మాట్లాడేదాకా నోరు విప్పొద్దు. నీకు అది చావుతో సమానమని తెలుసు, అయినా ప్రయత్నం చెయ్.

కృప


గొర్రెల దొడ్డి
శివరాత్రి పోయిన తర్వాత

కృపా,

అడిగాను. నోరు మూసుకున్నాను. మూసుకున్న నోట్లో ఈగ దూరినా కదల్లేదు, నమ్మితే నమ్ము.

ఇంటి వెనక కానుగ చెట్టు కింద ఆమె నులకమంచం వేశాం. అక్కడినుంచి గుట్ట మీది గాలిమరలు కనపడతాయి. పగలంతా అవి ఎవరో నిద్రలో పక్కకు ఒత్తిగిలినంత మెల్లగా తిరుగుతుంటాయి. వాటినే చూస్తూ చాలాసేపు ఉండి, అప్పుడు అంది:

"గ్యాసుకు ఎవురన్నా అనంతపురం దాకా తీసకపోయి, సూది గుచ్చి ముక్క తీస్తారారా?"

నేను నోరు తెరవబోతే చెయ్యెత్తింది.

"ఇన్నేండ్లు జీవాలు మేపినాను. మేత మానేసిన గొర్రె మొగం నాకు తెల్దా? అద్దంలో చూసుకుంటే అదే మొగం కనపడతాండాది. నువ్వేమో దినాము గ్యాసు గ్యాసు అని పాట పాడతాండావు."

"మరి ఇన్నాళ్ళు యాల చెప్పలేదు?"

"మీరంతా అంత కష్టపడి అబద్ధం ఆడతాంటే, మద్దెలో నేనెందుకని."

ఇద్దరం నవ్వాం. నవ్వితే ఆమెకు కడుపులో పట్టేసింది. నవ్వు మొహం మీద ఉండగానే కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. నేను మందవైపు తిరిగి, ఏదో గొర్రెను ఊరికే అదిలించాను.

ఆమెకు బెంగళూరు వద్దు. "ఆడ పండబెడితే పైకప్పు తప్ప ఇంకేం కనపడదంట గదా. మా తోడికోడలును చూసినా. ముక్కులో గొట్టం, నోట్లో గొట్టం, చేతులు కట్టేసినారు. ఆఖరికి కండ్లతోనే ఏమో చెప్పబోయింది, ఎవురికీ అర్థం కాల్య. నాకు ఈడ ఈ నీడ చాలు. జీవాల సద్దు ఇనపడాల. పిల్లోల్ల ముందర నొప్పికి అరవకుండా చూడండి, అంతే" అంది. ఆమె భయమంతా నొప్పి గురించే, కృపా. చావు గురించి మాట్లాడేటప్పుడు ఆమె గొంతు మారలేదు. నొప్పి అనేసరికి మారింది.

ఈ సంగతి చంద్రమోహన్‌కు చెప్పాను. "మామా, నువ్వు చెప్పేది నమ్మేదెట్ల? పోయినేడు ఊర్లోకి చిరుతపులి వచ్చిందని చెప్పినోనివి" అన్నాడు. న్యాయమే. ఆ చిరుతపులి మారెక్క ఇంటి పిల్లి. అయితే సాయంత్రం పెద్దక్కే వాడిని పిలిచి, "నేను రాను నాయనా" అంది. వాడు ఆమె కాళ్ళు ఒత్తుతూ, "నొప్పికి అట్ల మాట్లాడతాండావుమా. తగ్గినాక నువ్వే నన్ను మెచ్చుకుంటావు" అన్నాడు. అరుణజ్యోతి కూడా, "అమ్మ ధైర్యం ఇడ్సిపెట్టింది మామా, మనం ఇడ్సగూడదు" అంది. ఆమె నోరు తెరిచి చెప్పిన మాట ఆమె మంచం దగ్గరే పడిపోయింది. ఎవరూ తీసుకోలేదు.

ఉగాది అయిన మరుసటి రోజుకు బెంగళూరులో మంచం ఖాయం చేశాడు. మందను చూడటానికి బేరగాళ్ళు వచ్చి పోతున్నారు. ఏం చేయమంటావు?

ఆంజి


ఊరట ఇల్లు
ఫాల్గుణం

ఆంజీ,

ముందు నొప్పి సంగతి. హేమలత డాక్టరమ్మను తీసుకొని ఈ వారమే వస్తాను. మార్ఫిన్ అనే మందు మొదలుపెడతాం. అది నల్లమందు జాతిదని ఎవరో ఒకరు చెబుతారు, అరుణజ్యోతి భయపడుతుంది. ప్రాణం తీయడానికి ఇచ్చే మందు కాదది. కొలతగా ఇస్తే నొప్పిని పట్టుకుంటుంది, మనిషి మాట్లాడుతుంది, నాలుగు మెతుకులు తింటుంది. ముందు కొన్నాళ్ళు మగతగా ఉంటుంది. మలబద్ధకం చేస్తుంది, దానికి వేరే మందు తప్పకుండా వాడాలి. దాని మీద నువ్వు వేయబోయే పరాచికాలు ఇప్పుడే వేసేసుకో.

చంద్రమోహన్ మీద కోపం పెట్టుకోకు. తల్లికి ఏమీ చేయకుండా వదిలేశాడని రేపు ఎవరైనా అంటే ఎట్లా అని వాడి బాధ. బెంగళూరికి తీసుకుపోతున్నది ఆ భయాన్ని. అది తప్పు కాదు. అయితే దాని మోత పెద్దక్క మోయకూడదు.

ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి మాట్లాడదాం. ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. జబ్బు గురించి, మందు గురించి, బెంగళూరులో ఏమవుతుందన్నదాని గురించి ఎవరి దగ్గరా ఒక్క అబద్ధం ఆడొద్దు. ఇది నీ చిరుతపులి కాదు.

కృప


గొర్రెల దొడ్డి
ఉగాదికి కొంచెం ముందు

కృపా,

నువ్వు, డాక్టరమ్మ వచ్చి పోయిన తర్వాత పెద్దక్క చాలా రోజులకు మధ్యాహ్నం నిద్రపోయింది. నోరు కొంచెం తెరిచి, చిన్నపిల్ల మాదిరి. కానుగ పూలు రాలి ఆమె మీద పడుతుంటే అరుణజ్యోతి ఏరబోయింది. "ఉండనీమ్మే, బాగుండాది" అన్నాను. నల్లమందు అని ఎవరో అన్నారు, నువ్వు చెప్పినట్టే. అరుణజ్యోతి మూడుసార్లు ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. మూడోసారి పెద్దక్క కళ్ళు తెరవకుండానే, "ఉండానులేమ్మే" అంది.

ఇప్పుడు పెద్ద సంగతి. మా ఇంట్లో ఒక అలవాటు ఉంది, నీకు తెలియదేమో. మందను దూరం తోలాలన్నా, దొడ్డి మార్చాలన్నా, పెండ్లి కుదుర్చుకోవాలన్నా, పోయిన పెద్దవాళ్ళు ఎవరో ఒకరు కలలోకి వచ్చి చెప్పాలి. వాళ్ళు వచ్చేదాకా మంద కదలదు. మా నాయన ఒక ఏడాది కల రాక, మేత అయిపోయినా ఇక్కడే కూర్చున్నాడు. బతికున్నవాళ్ళ మాట మా ఇంట్లో చర్చకు వస్తుంది. పోయినవాళ్ళ మాట రాదు.

నిన్న పొద్దున రాగి గంజి తాగుతూ పెద్దక్క కల చెప్పింది. అందరం ఉన్నాం. కలలో ఈ కానుగ చెట్టు కిందే మంచం ఉందంట. పొగమంచు మాదిరి తెల్లగా ఉందంట, కానీ చలి లేదంట. మా అమ్మ గొంగడి కప్పుకొని వచ్చి మంచం కాళ్ళ దగ్గర కూర్చుందంట. జీవాలు ఒక్కొక్కటే వచ్చి ఆమె చేతికి మూతి తాకించి పోతున్నాయంట. ఆమె పెద్దక్క మొహం చూడకుండా, వాటినే చూస్తూ చెప్పిందంట: "ఈ పారి మందను దూరం తోలొద్దు. ఈడనే ఆపు. మిగిలింది నేను చూసుకుంటా."

గంజి చల్లారిపోయింది. ఎవరూ తాగలేదు. అరుణజ్యోతి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చంద్రమోహన్ బయటికి పోయి గాలిమరలవైపు చూస్తూ నిలబడ్డాడు. వచ్చిన బేరగాళ్ళను, "మల్లా చెప్తాలే అన్నా" అని పంపించేశాడు. బెంగళూరు మంచం మాత్రం ఇంకా ఖాయంగానే ఉంది. వాడు ఊగుతున్నాడు. నువ్వు వచ్చి మాట్లాడే సమయం ఇదే.

నన్ను ఆ మాటల్లో కూర్చోబెట్టొద్దు. నేను ఉంటే అందరికీ చిరుతపులి గుర్తొస్తుంది.

ఆంజి


ఊరట ఇల్లు
చైత్రం

ఆంజీ,

నువ్వు మందను తోలుకొని గుట్టెక్కిన తర్వాత ఏం జరిగిందో రాస్తానని మాటిచ్చాను కదా, ఇదిగో.

చంద్రమోహన్ నా ఎదురుగా కూర్చొని మొదటే అడిగాడు. "మేడమ్, దాపరికం లేకుండా చెప్పండి. బెంగళూరుకు పోతే మా అమ్మ బతుకుతాదా?"

నేను పెద్దక్కవైపు చూశాను. "మీ ముందరే చెప్పమంటారా అక్కా?" అన్నాను.

"చెప్పుమ్మా. ఈ ఇంట్లో గ్యాసు ఇని ఇని నాకు చెవులు పోయినాయి" అంది.

చంద్రమోహన్ తలెత్తి వాళ్ళమ్మను చూశాడు. వాళ్ళిద్దరూ అంతసేపు ఒకరినొకరు చూసుకోవడం ఈ మధ్య జరిగి ఉండదు. నేను చెప్పాను. అక్కడి డాక్టరుతో హేమలత మాట్లాడింది, ఆయనా నయమవుతుందని అనలేదు. మందు ఎక్కిస్తే కొన్ని వారాలు కలిసిరావచ్చు, రాకపోవచ్చు. ఆ వారాలు ఎక్కువగా ఆసుపత్రిలోనే గడుస్తాయి. ఇక్కడ ఉంటే ఆ వారాలు తగ్గవచ్చు, కానీ నొప్పి లేకుండా చూడటానికి మేము వస్తాం. రెండూ చెప్పాను. ఏది మంచిదని చెప్పలేదు.

"ఊర్లో ఏమంటారు మేడమ్? కొడుకు ఉండి, దుడ్లుండి, తల్లిని చెట్టు కింద పండబెట్టినాడంటారు."

అప్పుడు పెద్దక్క కల చెప్పింది. అరుణజ్యోతి పక్కన కూర్చొని నేనూ విన్నాను. ఆమె చెబుతుంటే ఆ ఇంటి గోడలు కొంచెం వెనక్కి జరిగినట్టు అనిపించింది. ఆ తెల్లటి వెలుగు, ఆ గొంగడి, మూతులు తాకించి పోతున్న గొర్రెలు. నేను ప్రార్థన చేసుకునే మనిషిని, కలలకు లొంగను. అయినా ఒకసారి మంచం కాళ్ళవైపు తిరిగి చూశాను.

చంద్రమోహన్ చిన్న గొంతుతో అడిగాడు. "అవ్వ నా గురించి ఏమన్నా అనిందా?"

పెద్దక్క కొంచెం ఆగింది. "అనింది. మనవడు దూరం నుంచి వస్తాడు, ముందు వానికి అన్నం పెట్టు, ఏం చేసినా ప్రేమతోనే చేస్తాడు, వాన్ని తిట్టొద్దు అనింది."

వాడు మంచం పట్టె మీద తల పెట్టి ఏడ్చాడు, ఆంజీ. ఆమె వాడి జుట్టులో వేళ్ళు పెట్టుకొని ఉంది. ఏడ్చి ఏడ్చి, అక్కడే, ఆమె ముందరే బెంగళూరుకు ఫోన్ చేసి మంచం వద్దన్నాడు. ఫోన్ స్పీకరులోనే ఉంది.

ఒక మాట అనుకున్నాం. ఇంట్లో నొప్పి పట్టు తప్పితే కొన్నాళ్ళు ఊరట ఇంటికి తెస్తాం, మళ్ళీ పంపిస్తాం. పెద్దక్క ఏ రోజైనా మనసు మార్చుకోవచ్చు, బెంగళూరు పోతానన్నా సరే, ఎవరూ ఆమెను తప్పుపట్టకూడదు. ఆమె నవ్వి, "బెంగళూరు ఎట్లుంటాదో ఫొటోలో చూపించండి, చాలు" అంది.

కృప


గొర్రెల దొడ్డి
జ్యేష్ఠం, మబ్బు పట్టిన రోజు

కృపా,

ఎండాకాలమంతా ఒక్క పెద్ద మధ్యాహ్నం మాదిరి గడిచింది. మందను ఎక్కడికీ తోలలేదు. శనక్కాయ కట్టె వేసి ఇంటి దగ్గరే మేపాను. పగటిపూట జీవాలన్నీ పెద్దక్క మంచం చుట్టూ పడుకుంటాయి. మంచం తెల్లటి వాగు మధ్య పడవ మాదిరి కనపడుతుంది. ఆమె చెయ్యి కిందికి వేలాడేసి ఏది దొరికితే దాని వీపు మీద వేళ్ళు పెట్టుకొని నిద్రపోతుంది. మగతలో పేర్లు పిలుస్తుంది. కొన్ని బతికున్నవాళ్ళవి, కొన్ని పోయినవాళ్ళవి, కొన్ని ఎప్పుడో అమ్మేసిన గొర్రెలవి. ఎవరో ఒకరు పలుకుతారు. ఎక్కువగా గొర్రెలు.

మలబద్ధకం గురించి నేను ఒక్క పరాచికం మాత్రమే వేశాను. మందు పని చేసిన రోజు పెద్దక్కే, "ఏమప్పా, ఈ పొద్దు జీవాలతో పోటీ పడినానులే" అంది. ఇంక నేను ఏం మాట్లాడేది?

ఒకసారి నొప్పి మించింది. నువ్వు మారుతితో పంపిన సీసా మందు, డాక్టరమ్మ ఫోన్‌లో చెప్పినట్టు, చంద్రమోహనే తాపించాడు. ఒక్క చుక్క కూడా ఒలకలేదు. నెలకు రెండుసార్లు వచ్చి వారమేసి రోజులు ఉంటున్నాడు. వచ్చినప్పుడల్లా ఆమె ముందు అడిగేది, "అన్నం తిన్యావా?" అనే.

ఇప్పుడు కల ఊరంతా పాకింది. అరుణజ్యోతికి కూడా అవ్వ కనపడిందంట, అదే గొంగడి కప్పుకొని. పక్కింటి బయమ్మకు కలలో గొంగడి ఒక్కటే కనపడిందంట, మనిషి లేదంట. అందరూ వచ్చి పెద్దక్కకు చెప్పి పోతారు. ఆమె కళ్ళు మూసుకొని వింటుంది, నా వైపు ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకుంటుంది.

మబ్బు వైపే చూస్తూ ఉంది ఈ రోజంతా. "పడతాదంటావా?" అంది. "పడతాది" అన్నాను. "అబద్ధమాడేటప్పుడు నీ ముక్కు ఎర్రగైతాది" అంది.

ఆంజి


గొర్రెల దొడ్డి
ఆషాఢం

కృపా,

మధ్యాహ్నం మందంతా నెమరేస్తూ పడుకొని ఉంది. అరుణజ్యోతి ఆమె పెదవులు తడుపుతోంది. చంద్రమోహన్ పాదాల దగ్గర ఉన్నాడు. ఊపిరి మెల్లగా, ఎడంగా వస్తోంది. నువ్వు ముందే చెప్పావు కాబట్టి ఎవరూ ఆసుపత్రికి పరిగెత్తలేదు. గాలి ఆగింది. గుట్ట మీద గాలిమరలన్నీ ఆగిపోయాయి. అవి మళ్ళీ తిరగడం మొదలుపెట్టినప్పుడు చూస్తే పెద్దక్క లేదు.

అరవలేదు. ఒక్కసారి కూడా అరవలేదు. ఇది నీకు, డాక్టరమ్మకు చెప్పాలని రాస్తున్నాను. ఇంకేం రాయలేను.

ఆంజి


ఊరట ఇల్లు
శ్రావణం

ఆంజీ,

కర్మ రోజున నీ పక్కన కూర్చున్నాను, నువ్వు ఒక్క మాటా మాట్లాడలేదు. అది చూసి నాకు పెద్దక్క పోయిందని అప్పుడు నిజంగా తెలిసింది.

నిన్న చంద్రమోహన్ నాకు ఫోన్ చేశాడు. బెంగళూరులో కారు పక్కకు ఆపి, కాస్త కన్ను మూశాడంట. కానుగ చెట్టు కింద అవ్వ, వాళ్ళమ్మ పక్కపక్కన కూర్చొని ఉన్నారంట. ఇద్దరూ వాడివైపు చూడలేదంట, గొర్రెలను చూసుకుంటున్నారంట. "నేను చేసింది సరే మేడమ్, ఇప్పుడు తెలిసింది" అన్నాడు. ఎంత తేలికైన గొంతో.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. నల్లమాడలో జయరాముడని ఒక పెద్దాయన ఉన్నాడు, మీ మాదిరే గొర్రెలు మేపిన కుటుంబం. పిల్లలు రెండు పక్కలా లాగుతున్నారు, ఆయన మాట ఎవరూ వినడం లేదు. పేర్లు చెప్పకుండా పెద్దక్క కల చెప్పాను. తర్వాత మొదటిసారి ఆయనను అడిగారు, "నాయనా, నీకేం కావాల?" అని. ఉరవకొండలో ఇంకో ఇల్లుంది, అక్కడా చెబుదామనుకుంటున్నాను. ఇన్నేళ్ళ పనిలో నేను నేర్చుకున్న మాటలన్నిటికంటే ఆ కల బాగా పనిచేస్తోంది. పెద్దక్క ఇంకా నాతో పాటు ఇళ్ళు తిరుగుతున్నట్టుంది. నీకు అభ్యంతరం లేదు కదా?

కృప


గొర్రెల దొడ్డి
శ్రావణం

కృపా,

అభ్యంతరం ఉంది. అందుకే ఈ జాబు. లేకుంటే ఈ సంగతి నాతోనే పోయేది.

మీరు వచ్చి మందు మొదలుపెట్టి పోయిన తర్వాత, ఒక మధ్యాహ్నం నేను పెద్దక్క దగ్గర కూర్చున్నాను. "నా మాట ఎవురూ ఇనరేమిరా?" అంది. అడగడం కాదది. బావిలోకి రాయి వేసి చప్పుడు కోసం చూసినట్టు అంది.

"నీ మాట ఇనరు. అమ్మ మాటైతే ఇంటారు" అన్నాను.

"అమ్మ బతికుండంగా నా పక్కన ఒగ మాట మాట్లాడిన పాపాన పోల్య. ఇప్పుడన్నా పనికొస్తాదిలే. ఏం చెప్పమంటావు?" అంది.

ఆ మధ్యాహ్నమంతా వల్లించాం. ఒకచోట తప్పిపోతే, "గొంగడి ముందరనా, జీవాలు ముందరనా?" అని మళ్ళీ అడిగేది. మగతలో మరిచిపోతుందని నేను భయపడ్డాను. మరిచిపోలేదు. చంద్రమోహన్‌ను తిట్టొద్దని అమ్మ అన్న మాట ఒక్కటి నేను నేర్పింది కాదు. నీ జాబులోనే మొదటిసారి చదివాను. అది వాళ్ళమ్మగా ఆమె చెప్పుకున్న మాట.

అబద్ధం ఆడొద్దని నువ్వు రాశావు. జబ్బు గురించి ఆడలేదు. మందు గురించి ఆడలేదు. బెంగళూరు గురించి ఆడలేదు. నువ్వు రాసిన పట్టీలో మా అమ్మ లేదు.

చంద్రమోహన్‌కు ఎప్పటికీ చెప్పొద్దు. వాడికి వచ్చిన కల వాడిది, అది నేను పంపింది కాదు. అరుణజ్యోతిదీ అంతే. అందరి దగ్గరికీ వస్తోంది మా అమ్మ. ఇప్పుడు అక్కను కూడా వెంటబెట్టుకొని వస్తోంది. నేను ఆ కానుగ కిందే మధ్యాహ్నాలు పడుకుంటున్నాను. మంచం తీయలేదు. కళ్ళు మూసుకుంటే నల్లగా ఉంటుంది. తెరిస్తే జీవాలుంటాయి. అంతే.

నల్లమాడ పెద్దాయనకు చెప్పావు, సరే. ఆయన మాట ఆయన పిల్లలు విన్నారు కదా. ఉరవకొండలో చెప్పేముందు మాత్రం ఈ జాబు ఇంకోసారి చదువుకో. చెప్పాలో వద్దో నువ్వే తేల్చుకో, నేను చెప్పను. పెద్దక్క బెంగళూరు వద్దన్నది నిజం. ఆ నీడ కావాలన్నది నిజం. నొప్పికి భయపడిందీ, ఒక్కసారి కూడా అరవకుండా పోయిందీ నిజం. కల మాత్రం రాలేదు. ఆ తెల్లటి వెలుగు, మంచం కాళ్ళ దగ్గర కూర్చున్న మా అమ్మ, మంద ఈడనే ఆపమన్న ఆ మాట, మొత్తం నేను కల్పించింది.

ఆంజి